లోడు మీద కూర్చోనివాళ్ల వాదం

"న్యూటన్ పుట్టకముందూ కాయలు రాలాయి." మామిడి సీజన్లో నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్ దాకా ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా ఈ మాట ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. పిల్లవాడు ఫిజిక్సులో తప్పాడని దిగులుపడే తండ్రితో ఒకరంటారు. బండి మీద ఇంకో వరస ట్రేలు ఎక్కిస్తుంటే వద్దన్నవాడి నోరు మూయించడానికి మరొకరంటారు. మొదటిది ఓదార్పు, పోనీ అనుకోవచ్చు. రెండోదాన్ని పోనీ అనుకోవడానికి వీల్లేదు. అయితే రెండూ ఒకే వేరు మీద మొలిచాయి కాబట్టి వేరు దాకా తవ్వక తప్పదు.

ముందు ఆ వాదం ఏమిటో దాని బలంతోనే చెబుతాను. తోటలో పని అనుభవంతో నడుస్తుంది. నలభై ఏళ్లు కాయ కోసిన మనిషికి ఏ కొమ్మ ఎంత బరువు ఆపుతుందో చూపుతోనే తెలిసిపోతుంది. కావిడి మోసేవాడు తన అడుగుని బద్ద ఊపుతో కలుపుకుంటాడు. ఆ విద్య ఏ బడిలోనూ చెప్పరు. మన తాతలు బలం, త్వరణం అన్న మాటలు వినకుండానే తోటలు పెంచారు, బండ్లు కట్టారు, బావులు తవ్వారు. ఇక పుస్తకంలో లెక్కలు చూస్తే 'ఘర్షణ లేని తలం' అనీ 'గాలి నిరోధం లేదనుకొనుము' అనీ మొదలవుతాయి. అలాంటి తలం, గాలి ఆడని చోటు భూమ్మీద ఎక్కడున్నాయి? ఆ లెక్కలన్నీ చేసి ఇంజనీరైన కుర్రాడు పంక్చరైన చక్రం విప్పలేక రోడ్డు పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడతాడు. కాబట్టి బలాలూ చలనమూ ర్యాంకు కోసం చదవాల్సిన పాఠం, ర్యాంకు వచ్చాక మరిచిపోవాల్సిన పాఠం. బతుక్కి అనుభవం చాలు.

ఇందులో నిజాలు లేకపోలేదు. ఉన్నాయి కాబట్టే ఈ వాదం ఇన్నాళ్లు నిలబడింది.

1. రాలడం గురించి కాదు

న్యూటన్ కాయల్ని రాల్చాడని ఎవరూ అనలేదు. ఆయన నెత్తిన ఆపిల్ పడిందన్నదీ తర్వాత అతికించిన కథే. తోటలో కాయ పడటం చూసి ఆలోచనలో పడ్డానని ముసలితనంలో స్నేహితుడు విలియం స్టూక్లీతో అన్నాడు, అంతవరకే. ఆ ఆలోచన పట్టుకుని ఆయన చేరిన చోటు వేరు: కాయని కిందికి లాగే బలమే అంత దూరాన ఉన్న చంద్రుణ్ణీ లాగుతోంది. 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో ఆ మాటకి లెక్క ఉంది. కాయ రాలడం అందరూ చూశారు. ఎంత బలంతో, ఎంత వేగంతో, ఎంత దూరం దాకా అని అడిగినవాళ్లు తక్కువ.

కలరా క్రిమిని ఎవరూ కనిపెట్టకముందూ కలరా వచ్చింది. అప్పుడు జనం అమ్మవారికి జాతర చేసి, ఊరు ఖాళీ చేసి పోయేవారు. 'క్రిమి తెలియకముందూ జబ్బు వచ్చింది కదా, ఇప్పుడు క్రిమి ఎందుకు' అంటే నవ్వుతాం. న్యూటన్ విషయంలో అదే మాటంటే లోకజ్ఞానం అంటున్నాం.

2. ఏ వేగం నాటి అనుభవం?

అనుభవానికి దండం పెట్టే మొదలుపెడతాను. దోటి చివర చిక్కం కట్టి, కాయని తొడిమతో సహా తెంపి వలలో పడేట్టు కోస్తారు. నేల మీద పడిన కాయ పైకి బాగానే కనిపించినా, మాగేసరికి దెబ్బ తగిలిన చోట మెత్తబడి కుళ్లుతుంది. తొడిమ ఊడితే సొన కారి తొక్క మీద చార కడుతుంది, ఆ చార చూసి వ్యాపారి ధర కోస్తాడు. అనుభవం ఇంతా చెప్పింది, ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

లెక్క దీనికి ఏం కలుపుతుందో చూడండి. 5 మీటర్ల ఎత్తు కొమ్మ నుంచి జారిన కాయ ఒక్క సెకనులో నేలకి చేరుతుంది. చేరేసరికి దాని వేగం గంటకి 35 కిలోమీటర్ల పైమాట. నేలకి కొట్టుకున్నప్పుడు కాయ మీద పడే బలం తెలుసుకోవాలంటే ఒక భాగహారం చాలు: పడిన ఎత్తుని, ఆగడానికి పట్టిన దూరంతో భాగించాలి. వచ్చిన అంకె కాయ బరువుకి అన్ని రెట్లు. గట్టి నేల మీద కాయ అర సెంటీమీటరు నొక్కుకుని ఆగిందనుకుంటే 5 మీటర్లలో అర సెంటీమీటర్లు వెయ్యి. అంటే 300 గ్రాముల రసం మామిడికాయ మీద రెప్పపాటులో వంద వంతు సేపు 300 కిలోల బరువు పెట్టినట్టు. అదే కాయని నలుగురు పట్టుకున్న గోనెపట్టా మీద పడనిచ్చి, పట్టా పావు మీటరు కుంగితే ఇరవై రెట్లు. మూడు వందల కిలోలు కాస్తా ఆరు కిలోలయ్యాయి. కాయ అదే, ఎత్తు అదే, వేగం అదే. మారింది ఆగిన దూరం ఒక్కటే.

ఇది తెలియకుండానే కోతగాడు చిక్కం వాడుతున్నాడు కదా, మరి లెక్క ఎందుకని అడగొచ్చు. ఎందుకంటే అనుభవం అతనికి చిక్కం గురించి మాత్రమే చెప్పింది. సాయంత్రం పని దిగి బైకెక్కినప్పుడు హెల్మెట్ గురించి చెప్పలేదు. హెల్మెట్ లోపలి దళసరి థర్మోకోల్ పొర చేసేదీ చిక్కం చేసే పనే: తల ఆగే దూరాన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్లకి పెంచుతుంది. కాయ విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి అదే సూత్రాన్ని పెట్రోలు ట్యాంకు మీద బోర్లించుకుని ఇంటికి పోతాడు. అనుభవం పుట్టిన చోటే ఉండిపోతుంది. సూత్రం చిక్కం నుంచి హెల్మెట్ దాకా నడిచొస్తుంది.

అసలు తిరకాసు మరొకటి ఉంది. తాత అనుభవం అంటున్నారే, అది ఏ వేగం నాటిది? ఎడ్లబండి గంటకి అయిదు కిలోమీటర్లు నడుస్తుంది. అదే కాయలతో ఇవాళ వ్యాను అరవైలో పోతోంది. వేగం పన్నెండు రెట్లు పెరిగింది. ఆపాల్సిన శక్తి పన్నెండు రెట్లు పెరగలేదు, నూట నలభై నాలుగు రెట్లు పెరిగింది. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ వర్గం లెక్క ఒంటికి తట్టదు. మన కాళ్లూ చేతులూ కళ్లూ నడక వేగంలో, మహా అయితే పరుగు వేగంలో తర్ఫీదు పొందాయి. ఆ వేగాల్లో అవి అబద్ధం చెప్పవు. అరవైలో చెబుతాయి. 'మా తాత బండి ఒక్కసారి బోల్తా పడలేదు' అనేవాళ్లు తాత అనుభవాన్ని తాత బండి మీదే ఉంచాలి, వ్యాను మీదికి ఎక్కించకూడదు.

3. బరువు మీదే కన్ను

అనుభవం చాలదన్నది ఒక ఎత్తు. అనుభవం అడ్డంగా తప్పు చెప్పే చోట్లు మరో ఎత్తు. అందులో పెద్ద తప్పు బరువు గురించి.

పెద్ద రసం, చిన్న రసం ఒకే కొమ్మ నుంచి ఒకేసారి రాలితే ఏది ముందు నేలకి చేరుతుంది? పదిమందిని అడగండి, ఎక్కువమంది పెద్ద రసమే అంటారు. సరే, వాళ్లదే నిజమనుకుందాం. ఇప్పుడు రెండు కాయల్నీ దారంతో కలిపి కట్టి వదులుదాం. చిన్నది నెమ్మదస్తురాలు కాబట్టి పెద్దదాన్ని వెనక్కి లాగాలి. జోడీ పెద్దదానికంటే ఆలస్యంగా పడాలి. కానీ రెండూ కలిసి పెద్దదానికంటే బరువు కాబట్టి జోడీ ఇంకా త్వరగా పడాలి. ఒకే జోడీ ఒకేసారి ఆలస్యంగానూ త్వరగానూ పడుతుందా? పడదు కాబట్టి మొదట అనుకున్నదే తప్పు. ఇటలీలో గెలీలియో 1638 నాటి తన పుస్తకంలో రాళ్లతో వేసిన ప్రశ్న ఇది. మన దగ్గర రసాలుండగా రాళ్లెందుకని ఇలా అడిగాను. ఎండుటాకు మెల్లగా పడుతుందే అంటే, ఆ నిదానం గాలిది, బరువుది కాదు. 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనీ కలిపి వదిలితే రెండూ కలిసే పడ్డాయి.

'ఏది ముందు పడితే మాకేం, రెంటినీ ఏరుకుంటాం' అంటారా? అక్కడే ఉంది ఇబ్బంది. బరువు గురించిన ఈ భ్రమే తోట దాటి రోడ్డెక్కుతుంది. 'లోడుంటే బండి రోడ్డుని పట్టుకుంటుంది, ఖాళీ బండే ఎగిరెగిరి పడుతుంది' అన్న మాట వినని లారీ అడ్డా లేదు. గుంతల్లో ఖాళీ బండి ఎగిరిపడే మాట నిజం. మలుపులో ఆ మాట చెల్లదు.

మలుపు తిరిగే బండిని బయటివైపుకి పడేసేది ఎంత, లోపలివైపుకి నిలబెట్టేది ఎంత అని లెక్కేస్తే బరువు రెండు వైపులా వస్తుంది, రెండు వైపులా కొట్టేసుకుపోతుంది. కాయ పడటంలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. మిగిలేవి నాలుగే: బండి వేగం, మలుపు ఎంత వంపు, చక్రాల మధ్య వెడల్పు, బరువు నడిమి బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది. పుస్తకంలో దాన్ని గరిమనాభి అంటారు. టన్నులు ఈ లెక్కలో లేవు. ఎత్తు ఉంది.

ఒక బండి తీసుకుందాం. చక్రాల మధ్య వెడల్పులో సగం 90 సెంటీమీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు గరిమనాభి మీటరు ఎత్తులో ఉంటే, మలుపులో ఆ బండి బోల్తా పడటం కంటే ముందు టైర్లు పట్టు తప్పి పక్కకి జారుతుంది. జారడం మంచిదని కాదు గానీ, జారే బండిలోని డ్రైవరుకి చక్రం తిప్పే వ్యవధి కాస్తో కూస్తో ఉంటుంది. అదే బండిలో వరస మీద వరస పేర్చి గరిమనాభిని 180 సెంటీమీటర్లకి లేపామనుకోండి. ఇప్పుడు అది జారదు, జారకముందే పడుతుంది. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో అందుకు చాలిన వేగం గంటకి 35 కిలోమీటర్ల పైచిలుకు. 5 మీటర్ల కొమ్మ నుంచి పడిన కాయ నేలని తాకే వేగం సరిగ్గా ఇదే. స్ప్రింగులు ఒక పక్కకి వంగడం, లోపల సరుకు ఒరగడం లెక్కేస్తే ఇంకా తక్కువలోనే పడుతుంది. ముప్పై అయిదుని ఏ డ్రైవరూ వేగం అనుకోడు. స్పీడోమీటరు చూసుకుంటే మెల్లగా పోతున్నట్టే ఉంటుంది. పైన పేర్చిన ఆఖరి రెండు వరసలు ఆ 'మెల్లగా'కి అర్థం మార్చేశాయని చెప్పే ముల్లు డాష్‌బోర్డు మీద లేదు.

4. ఘర్షణ లేని తలం ఎక్కడుంది?

ఉంది. నూజివీడు వైపు ఏటా ఒకసారి వస్తుంది. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ నూనే తొలకరి జల్లుకి తడిసి నల్లటి జిగురైనప్పుడు, మార్కెట్ యార్డులో టైర్ల కింద నలిగిన పండు గుజ్జు సిమెంటు మీద పరుచుకున్నప్పుడు వెళ్లి చూడండి. పూర్తిగా ఘర్షణ లేని తలం కాదు, కానీ పుస్తకానికి చాలా దగ్గర.

ఎగతాళి పక్కన పెడదాం. ఘర్షణ లేదనుకోమని పుస్తకం చెప్పేది ఘర్షణని మరిచిపోవడానికి కాదు, ఘర్షణ ఎంతో విడిగా తూచడానికి. కాటా మీద ఖాళీ ట్రే పెట్టి ముల్లుని సున్నాకి తెచ్చాకే కదా కాయలు తూస్తాం? ఖాళీ ట్రేలో కాయలు లేవు కాబట్టి ఈ తూకం అబద్ధమని ఎవరైనా అన్నారా? ఘర్షణ లేని లోకంలో కదిలే వస్తువు కదులుతూనే ఉంటుంది. ఆగిందంటే ఏదో ఆపింది. ఆపింది ఏమిటి, ఎంత, అదీ ప్రశ్న.

ఆ ప్రశ్న ట్రాక్టరు దగ్గర వేసి చూద్దాం. ట్రాక్టరు 2 టన్నులు, కాయలతో ట్రక్కు 5 టన్నులు అనుకోండి. పొలం పనికి తిరిగే ట్రక్కుల్లో సొంత బ్రేకులున్నవాటిని వెతుక్కోవాలి. అంటే ఏడు టన్నుల పరుగుని రెండు టన్నుల పట్టు ఆపాలి. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద ఒంటి ట్రాక్టరు 5 మీటర్లలో ఆగగలిగితే, ట్రక్కు తగిలించాక 18 మీటర్లు కావాలి. తొలకరి జల్లు పట్టుని సగం చేస్తే 35. ట్రక్కు బరువులో కొంత కొక్కెం మీదుగా ట్రాక్టరు వెనక చక్రాల మీద వాలుతుంది కాబట్టి కొంచెం తగ్గొచ్చు. ట్రాక్టరుకి బ్రేకులు వెనక చక్రాలకే కాబట్టి కొంచెం పెరగొచ్చు. అడ్డంగా గేదె వచ్చినప్పుడు ఈ కొంచేలు ఎవరినీ కాపాడవు. ఇక ముందు ట్రాక్టరు ఆగినా వెనక ట్రక్కు ఆగనంటుంది, ముందుకి తోస్తుంది, కొక్కెం దగ్గర మడత పడుతుంది. ఇది చూసినవాళ్లు 'డ్రైవరు బ్రేకు గట్టిగా కొట్టాడు' అంటారు. గట్టిగా కొట్టడం తప్పో, ట్రక్కుకి బ్రేకు లేకపోవడం తప్పో తేల్చాలంటే ఘర్షణ లేని తలం దగ్గర మొదలెట్టాల్సిందే.

5. గాలి దైవాధీనమా?

దీని గురించి ఎక్కువ చెప్పను. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వచ్చి తోట కింద పచ్చికాయ పరుచుకుంటే 'దేవుడి చేతిలో ఉంది' అంటారు. గాలి రావడం దేవుడి చేతిలోనే ఉండనివ్వండి. గాలి వేగం రెండింతలైతే కాయ మీద తోపు నాలుగింతలన్నది మాత్రం లెక్క. పొడవు తొడిమలకి వేలాడే కాయ అరవై డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చిన క్షణాన తొడిమ మీద పడే లాగుడు కాయ బరువుకి రెండింతలు. తొడిమ పొడుగు ఎంతైనా ఇదే. అందుకే తోటని గాలి పూర్తిగా తాకకుండా ఆపనక్కర్లేదు. గట్ల మీద సరుగుడు వరస వేసి వేగాన్ని మూడో వంతు తగ్గించగలిగినా తోపు సగానికి దిగుతుంది. వరస ఎత్తుకి పది రెట్ల దూరం దాకా ఆ నీడ పనిచేస్తుంది. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది, అడిగితే చెప్పేవాళ్లుంటారు. దైవాధీనం అనుకున్నవాడు అడగడు. అదే ఆ మాటతో వచ్చే నష్టం.

6. టైరు విప్పలేని ఇంజనీరు

ఈ దెబ్బ గట్టిదే. ఒప్పుకుంటాను. నూజివీడులో 2008 నుంచీ ట్రిపుల్ ఐటీ ఉంది. చుట్టుపక్కల తోటల ఇళ్ల నుంచి పిల్లలు విజయవాడ కాలేజీలకి పోతారు, ఎంసెట్ రాస్తారు. ఇప్పుడు పేరు ఈఏపీసెట్, పద్ధతి అదే: మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 40 ఫిజిక్సు. ప్రశ్నకి నిమిషం మీద ఏడు సెకన్లు. ఆ వ్యవధిలో ఎవరూ ఆలోచించరు, గుర్తుపట్టి మౌస్ నొక్కుతారు. రెండేళ్లు అలా తయారైన పిల్లవాడికి 'వంపు రోడ్డు మీద కారు' అన్న లెక్కకీ తాను ఎక్కిన బస్సుకీ చుట్టరికం ఉందని తోచకపోతే ఆశ్చర్యమేముంది? కాగితం మీద గరిమనాభి కనుక్కున్నవాడే సెలవులకి ఊరొచ్చి ట్రే వరసల మీద ఎక్కి కూర్చుంటాడు.

కానీ దీంతో రుజువైంది ఏమిటి? వంటల పేర్లు బట్టీ పట్టించి, పరీక్ష పెట్టి, మార్కులేసి, తర్వాత 'చూశారా, వంట నేర్చుకున్నవాడి కడుపు నిండలేదు' అంటే తప్పు వంటదా? చెప్పిన తీరు చెడ్డదని తేలితే తీరు మార్చమనాలి. ఈ వాదం చేసేవాళ్లు తీరు మార్చమనరు. పాఠమే వద్దంటారు. చిత్రమేమిటంటే, పాఠం వద్దనే తండ్రే పిల్లవాడి ర్యాంకు కోసం తోట కౌలు డబ్బంతా కాలేజీకి కడతాడు. పనికిరాని వస్తువుకి ఇంత ధర పెట్టే వ్యాపారి నున్నలో కూడా కనపడడు.

బడిలో చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. నేను పైన చెప్పిన భాగహారం ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలరు. ఒక కాయ, ఒక టేపు, కింద ఒకసారి నేల, ఒకసారి గడ్డి.

7. ఈ వాదం ఎవరిది

ఇంతవరకు వాదంలోని మాటలకి జవాబు చెప్పాను. ఇప్పుడు వాదించేవాళ్ల దగ్గరికి వస్తాను. 'లెక్క అక్కర్లేదు, అనుభవం చాలు' అనే మనిషి నిజంగా లెక్క అక్కర్లేని మనిషేనా? కాటా దగ్గర చూడండి. టన్నుకి ఎన్ని కిలోలు తరుగు, ట్రేకి ఎంత, కూలికి ఎంత, రెండో బండి కిరాయి మిగిలితే ఎంత, అన్నీ వేళ్ల మీద ఉంటాయి. పైసా తప్పు పోదు. కాటా దగ్గర కావాల్సిన లెక్క మలుపు దగ్గర అక్కర్లేకుండా ఎలా పోయింది? పోలేదు, కావాలని వదిలేశారు. ఆఖరి రెండు వరసలు ఎక్కిస్తే ఇంకో బండి తప్పుతుంది. కోత కూలీలని లోడు మీదే ఎక్కిస్తే వాళ్లకి వేరే ఆటో తప్పుతుంది. ఆదా ఒకరిది. గరిమనాభి ఇంకొకరి కాళ్ల కింద.

2025 జులై 13 రాత్రి అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలంలో రెడ్డిపల్లె చెరువు కట్ట మీద మామిడి లోడు లారీ బోల్తా పడింది. తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. పగలంతా కాయ కోసి, ఆ కాయల మీదే కూర్చుని రైల్వే కోడూరు వైపు వస్తున్నవాళ్లు. అంతకు ముందు ఏడాది 2024 సెప్టెంబర్లో, మన ఏలూరు జిల్లా టి.నరసాపురం మండలం నుంచి జీడిపిక్కల బస్తాలతో బయల్దేరిన వ్యాను తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో బోల్తా పడింది. బస్తాలతో పాటు ప్రయాణిస్తున్న కూలీల్లో ఏడుగురు పోయారు. ఆ రెండు రాత్రులూ రోడ్డు మీద ఏం జరిగిందో, తప్పు ఎవరిదో తేల్చే పని నాది కాదు. బండి ఎందుకు పడినా, పడ్డాక పైన ఉన్న మనిషికి ఏమవుతుందన్నది మాత్రం ఏ విచారణా లేకుండానే చెప్పొచ్చు. మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితేనే గంటకి 27 కిలోమీటర్ల వేగం. దానికి బండి పరుగు తోడు. బండి ఆగినా మనిషి ఒళ్లు ఆగదు. ఆగేది గట్టి నేల మీద, సెంటీమీటర్లలో. ఆ తర్వాత సరుకు మీద పడుతుంది. కాయకి పెట్టిన గోనెపట్టా లెక్క ఇక్కడ మళ్లీ చేయమంటారా?

అనుభవం గొప్పదే అంటున్నారు కదా, ఆ లారీల మీద కూర్చున్నవాళ్ల కంటే అనుభవం ఎవరికుంది? పదుల సీజన్లు కోసిన చేతులు. ఏ కాయ ఎప్పుడు దిగుతుందో, ఏ కొమ్మ మీద కాలు పెట్టొచ్చో తెలిసినవాళ్లు. లోడు మీద ఎక్కడం ప్రమాదమని వాళ్లకి తెలియదనుకోవడం మన అహంకారం. తెలుసు. వద్దని అంటే రేపు పనికి పిలవరని కూడా తెలుసు. వాళ్లు 'భయమేస్తోంది' అంటే 'ఏం కాదు, రోజూ పోయేదే' అన్న జవాబు వస్తుంది. భయం మీద గెలవడం తేలిక. 'ఈ మలుపులో ఈ ఎత్తుకి ముప్పై అయిదు దాటితే పడుతుంది' అన్న అంకె మీద గెలవాలంటే ఇంకో అంకె చూపించాలి. అనుభవం చాలు అనేవాళ్లకి అసలు చిరాకు ఫిజిక్సు మీద కాదు. ఆ అంకె కూలీ నోట్లోంచి వస్తుందేమోనని.

ఇంకోమాట. వాళ్లకి సూత్రం తెలియదని కూడా నేను నమ్మను. నూజివీడు వైపు ఏ తోటలోనైనా బండి కట్టడం దగ్గర నిలబడి చూడండి. అడుగున వరిగడ్డి పరుస్తారు, ఎందుకంటే కాయ ఆగే దూరం పెరగాలి. ట్రేలు ఒకదానిలో ఒకటి కుదిరేట్టు పేరుస్తారు, ఎందుకంటే మలుపులో సరుకు పక్కకి జరగకూడదు. పైన పట్టా కప్పి, మోకు తెచ్చి, ఇద్దరు రెండు వైపులా కాలు తన్నిపెట్టి లాగి ముడేస్తారు, ఎందుకంటే బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గానీ కాయ ఆగదు. న్యూటన్ మొదటి సూత్రం, ఒక్క మాట తప్పకుండా. మోకు బిగిసిందో లేదో యజమాని చేత్తో లాగి చూసుకుంటాడు. తర్వాత కూలీలని పిలిచి ఆ మోకు మీద కూర్చోమంటాడు.